టెన్షన్‌కి మెడికల్ షాపులో ఏం దొరుకుతుంది? వాడినవాళ్ళు చెప్పండి

ఆడిట్_అక్క:
మార్చి వచ్చిందంటే రాత్రిళ్ళు నిద్ర ఉండదు, పొద్దున లేవగానే గుండె దడ. డాక్టరు దాకా వెళ్ళాలా అంటే అంత లేదేమో అనిపిస్తోంది. చీటీ లేకుండా కొనుక్కునేవాటిలో మీకు ఏవైనా పనిచేశాయా? పక్కింటావిడ అశ్వగంధ వాడమంటోంది. నేను థైరాయిడ్‌కి థైరాక్సిన్ తప్ప వేరే మందులేవీ వాడను.

పెన్నేరు:
అశ్వగంధ చూర్ణం రాత్రి పాలల్లో వేసుకుంటాను. నాకు పడింది. వేసుకున్న రోజే నిద్ర ముంచుకొస్తుందనుకోకండి, వారాలు పడుతుంది. మా తమ్ముడికి మాత్రం విరేచనాలు పట్టుకుని మానేశాడు.

గుంటూరు_మందులషాపు:
అక్కా, చివర్లో చెప్పిన ఆ థైరాయిడ్ మాటే అసలు విషయం. షాపులో కూడా అంతే, బీపీ, షుగర్ మాత్రలు వాడుతున్నామని మేం అడిగితే గానీ ఎవరూ చెప్పరు. అశ్వగంధ వల్ల కొందరిలో థైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. మీరు వేసుకునే మాత్రకి అది తోడైతే దడ ఇంకా ఎక్కువ కావచ్చు. అసలు థైరాక్సిన్ డోసు ఎక్కువైనా ఇవే లక్షణాలు: దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. మనం ఆఫీసు టెన్షన్ అనుకుంటాం. చూర్ణం కొనేముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకుని మీ డాక్టరుకి చూపించండి.

గర్భిణులకీ, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకీ నేనైతే అశ్వగంధ ఇవ్వను. అరుదుగానే అయినా దానివల్ల లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, డెన్మార్క్ 2023లో నిషేధించింది కూడా. కొనేవాళ్ళు వేరుతో చేసిందేనా అని డబ్బా మీద చూసుకోండి. ఆకు వాడొద్దని ఆయుష్ శాఖ 2021లోనే తయారీదారులకు చెప్పింది.

మానేరు_ఒడ్డు:
మా గల్లీ షాపులో టెన్షన్ అన్నానో లేదో, స్ట్రిప్‌లోంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. పేరున్న ముక్క ఆయన దగ్గరే ఉండిపోయింది. మస్తు నిద్ర పట్టింది. ఏం మందో?

గుంటూరు_మందులషాపు:
చూడకుండా చెప్పలేను గానీ అల్ప్రజోలం అనే టెన్షన్ మాత్ర అయి ఉండొచ్చు, దాంతో మత్తుగా నిద్ర పడుతుంది. అదైతే హెచ్1 షెడ్యూల్ మందు. డాక్టరు చీటీ ఉండాలి, రోగి పేరూ డాక్టరు పేరూ రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. షాపులో ఇచ్చేశాడు కదా అని అది చీటీ అక్కర్లేని మందైపోదు. పేరు కనబడకుండా కత్తిరించిన మాత్రలు తీసుకోకండి. కొన్నాళ్ళుగా రోజూ వేసుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు మెల్లగా తగ్గించి మాన్పిస్తారు.

పాలమూరు_అన్న:
మా దిక్కు కల్తీ కల్లులో కలిపేది ఇదే కదా! దాడులు జరిగి దుకాణాలు మూతపడ్డాయంటే, రోజూ తాగేవాళ్ళు చేతులు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ దవాఖానకు వస్తారు. ఊళ్ళో అందరూ కల్లు లేక అనుకుంటారు. నిజానికి వాళ్ళకి అలవాటైంది మాత్ర.

న్యూజెర్సీ_కోడలు:
ఇక్కడ అల్ప్రజోలం చీటీ లేకుండా ఇవ్వరు గానీ, నిద్రమాత్రలు మాత్రం సరుకుల షాపులో కూడా దొరుకుతాయి. జెట్ లాగ్‌తో అత్తయ్యకి నిద్ర లేదని డైఫెన్‌హైడ్రమిన్ తీసుకుంటుంటే ఫార్మసిస్ట్ వయసెంతని అడిగి ఆపేసింది. 65 దాటినవాళ్ళకి దానితో తికమక, మూత్రం సరిగా రాకపోవడం, తూలి పడటం ఉంటాయట. తక్కువ డోసు మెలటోనిన్ ఇచ్చి, పగలు ఎండలో తిప్పమంది. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక కూడా ఇక్కడ షెల్ఫులోనే ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిలు దాని జోలికి పోకండి, ఆ మాత్రల పని తగ్గిపోతుంది. డిప్రెషన్ మందులతో కలిస్తే ఇంకా ప్రమాదం.

చాయ్_బిస్కట్:
నాకైతే మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేశాకే తేడా తెలిసింది, పైసా ఖర్చు లేదు. మాట్లాడటానికి ఎవరైనా కావాలనుకునేవాళ్ళకి టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

ఆడిట్_అక్క:
అందరికీ థాంక్స్. రేపు టీఎస్‌హెచ్‌కి ఇస్తున్నా. పొద్దున మాత్ర వేసుకుని వెళ్ళొచ్చా? మెగ్నీషియం మాత్రలు మంచివంటున్నారు, అవి?

గుంటూరు_మందులషాపు:
రక్తం ఇచ్చాకే వేసుకోండి. మెగ్నీషియం వాడాలనుకుంటే థైరాక్సిన్‌కి నాలుగు గంటల ఎడం ఉండాలి, కిడ్నీ సమస్య ఉంటే అసలొద్దు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? అవి మందులు కావనుకుని చాలామంది చెప్పరు. వాడుతుంటే రేపు పరీక్ష వద్దు, రెండ్రోజులు ఆపి ఇవ్వండి. లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు.

ఆడిట్_అక్క:
వాడుతున్నానండీ! అయితే గురువారం వెళ్తా.