రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఫైర్‌ఫాక్స్‌లో సైట్లు బ్లాక్ అవుతున్నాయి, సెట్టింగ్ దానంతటదే మారిపోతోంది

విండోస్ 11, ఫైర్‌ఫాక్స్ తాజా వెర్షన్, హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ (ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్ ట్రాఫిక్‌ను మధ్యలో తెరిచి, తన సొంత సర్టిఫికెట్‌తో పరీక్షించడం) ఉన్న యాంటీవైరస్ వాడుతున్నాను. సిస్టమ్ రీస్టార్ట్ చేశాక ఫైర్‌ఫాక్స్‌లో దాదాపు అన్ని సైట్లకూ "ఎస్ఈసీ ఎర్రర్ అన్‌నోన్ ఇష్యూయర్" (సర్టిఫికెట్ ఇచ్చినవారు ఎవరో తెలియదన్న ఎర్రర్) వస్తోంది. చాలా సైట్లకు హెచ్ఎస్‌టీఎస్ (సురక్షిత కనెక్షన్‌తోనే తెరవాలన్న సైట్ నియమం) ఉండటంతో రిస్క్ ఒప్పుకుని ముందుకెళ్లే బటన్ కూడా కనిపించదు. క్రోమ్, ఎడ్జ్‌లలో అవే సైట్లు మామూలుగా తెరుచుకుంటున్నాయి, అంటే యాంటీవైరస్ రూట్ సర్టిఫికెట్ (అది ఇచ్చే మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనది) విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌లో సరిగానే ఉంది.

ఫైర్‌ఫాక్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్‌ల పేజీ అబౌట్:కాన్ఫిగ్‌లో చూస్తే, విండోస్ స్టోర్‌లోని రూట్‌లను ఫైర్‌ఫాక్స్ నమ్మేలా చేసే "సెక్యూరిటీ.ఎంటర్‌ప్రైజ్_రూట్స్.ఎనేబుల్డ్" ప్రతిసారీ ఫాల్స్‌గా ఉంటోంది. ట్రూ చేసి ఫైర్‌ఫాక్స్ మూసి తెరిస్తే అన్నీ పనిచేస్తాయి. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ ఫాల్స్!

తేదీ, సమయం సరిగానే ఉన్నాయి. ట్రబుల్‌షూట్ మోడ్‌లోనూ (యాడ్‌ఆన్‌లు ఆపి నడిపినా) ఇదే ఎర్రర్. ప్రొఫైల్ ఫోల్డర్‌లో యూజర్.జేఎస్ (ఫైర్‌ఫాక్స్ మొదలైనప్పుడల్లా సెట్టింగ్‌లను మార్చే ఫైల్) లేదు, అడ్మిన్ పెట్టిన నియమాలు చూపే అబౌట్:పాలసీస్ ఖాళీగా ఉంది. కొత్త ప్రొఫైల్‌లో కూడా రీస్టార్ట్ తర్వాత అదే తంతు. యాంటీవైరస్ రూట్ సర్టిఫికెట్‌ను ఫైర్‌ఫాక్స్ సొంత సర్టిఫికెట్ల జాబితాలోని అథారిటీస్‌లో చేతితో చేర్చితే నిలబడింది, కానీ యాంటీవైరస్‌ను రిపేర్ చేయగానే కొత్త రూట్ తయారై పాతది పనికిరాకుండా పోయింది. స్కానింగ్ ఆపేస్తే సమస్య ఉండదు, కానీ ఆ రక్షణ వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

యూజర్.జేఎస్, పాలసీలు రెండూ లేనప్పుడు ఈ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తున్నది ఏమిటో కనిపెట్టాలంటే ఇంకా ఏ ఫైల్‌లో, ఎక్కడ చూడాలి?