రుషికొండ నుంచి మంగమారిపేట దాకా గుంపుగా కయాకింగ్: రాళ్ళ దగ్గర చెదిరిపోకుండా ఎలా?

ఎంవీపీ కుర్రాడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఆఫీసు వాళ్ళూ పాత కాలేజీ స్నేహితులూ కలిపి మేం ఎనిమిది మందిమి. విశాఖ రుషికొండలో అద్దె కయాక్‌లు చాలాసార్లు తిప్పాం, ఈ మధ్య ముగ్గురు సొంతంగా కొనుక్కున్నారు కూడా. అందులో ఒకడిది పదహారడుగుల అసలు సిసలు సముద్రపు కయాక్, మిగతావన్నీ పైన కూర్చుని తెడ్డు వేసే సిట్ ఆన్ టాప్ రకం.

పోయిన ఆదివారం ఏడున్నరకి రుషికొండలో దిగి మంగమారిపేట రాతి ఆర్చి దాకా వెళ్ళి వెనక్కి వద్దామని బయల్దేరాం. మొదటి అరగంట ఏ టెన్షనూ లేదు, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. ఆ తర్వాత పెద్ద కయాక్ వాడు ముందుకి వెళ్ళిపోయాడు, మాలో కొత్తవాళ్ళిద్దరు వెనకబడ్డారు, మధ్యలో ఉన్నవాళ్ళం ఎవరి కోసం ఆగాలో తెలియక అటూ ఇటూ కాకుండా పోయాం. ఆర్చి కనబడగానే ఇద్దరు ఫోటో కోసమని రాళ్ళ వైపు జరిగారు. అక్కడ నీళ్ళ కింద ఒక రాయి ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఐదు నిమిషాలు ఏమీ లేని చోట ఉన్నట్టుండి కెరటం లేచి విరిగింది, మావాడు పడవతో సహా తిరగబడ్డాడు. అద్దెకి తెచ్చుకున్న లైఫ్ జాకెట్ బకిల్ ఊడిపోయి అది చెవుల దాకా లేచింది (ఎవరి దగ్గర తెచ్చామో ఇక్కడ చెప్పను, వేసుకునే ముందు చూసుకోకపోవడం మా తప్పే). మోకాలి కింద జానెడు మేర గీరుకుపోయింది. ముందు వెళ్ళినవాడికి మా అరుపులేవీ వినబడలేదు, వాడు ఇరవై నిమిషాల తర్వాత తాపీగా వెనక్కి వచ్చి ఏమైందని అడిగాడు.

మానేసే ఉద్దేశం లేదు, పద్ధతిగా వెళ్ళాలని ఉంది. రాళ్ళకి ఎంత దూరంలో ఉండాలి, గుంపు విడిపోకుండా మీరు ఏం చేస్తారు, అసలు ఎనిమిది మంది అంటే ఎక్కువేనా? తెలిసినవాళ్ళు తిట్టినా పర్వాలేదు, చెప్పండి.

ఉప్పుగాలి:

తిట్టను గానీ ఏడున్నర అంటేనే ఆలస్యం అయిపోయింది. రుషికొండ నుంచి మంగమారిపేట సముద్రం మీద దాదాపు ఆరు కిలోమీటర్లు, కొత్తవాళ్ళున్న గుంపు గంటకి నాలుగు, మహా అయితే ఐదు కిలోమీటర్లు పోతుంది, అంటే వెళ్ళడానికే గంటన్నర. తెల్లవారుజామున గాలి కొండల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్ళు నున్నగా ఉంటాయి. అది చూసి అందరూ మోసపోతారు, ఎందుకంటే అదే గాలి అలసిపోయినవాడిని మెల్లగా లోపలికి తోసేస్తుంది, ఒడ్డు దగ్గర ఉన్నంతసేపూ అది తెలియదు. పదీ పదకొండు అయ్యేసరికి గాలి తిరిగి సముద్రం మీంచి రావడం మొదలవుతుంది, అప్పుడు కెరటాలు గజిబిజిగా లేస్తాయి, మీరు తిరుగు ప్రయాణంలో సరిగ్గా ఆ టైముకే చిక్కుకుంటారు. మేం సూర్యుడు పైకి వచ్చేసరికల్లా నీళ్ళలో ఉంటాం, ఎంత దూరం పోయామన్నది చూడకుండా ఎనిమిదింటికి వెనక్కి తిరుగుతాం. ఆర్చి ఎదురుగా రెండు వందల మీటర్లలో కనబడుతున్నా తిరుగుతాం.

రాళ్ళ సంగతి. మీవాడిని పడేసిన కెరటం ఉన్నట్టుండి పుట్టింది కాదు. దూరం నుంచి వచ్చే అలలు గుంపులుగా వస్తాయి, చిన్నవి చాలా పోయాక నాలుగైదు పెద్దవి వరసగా వస్తాయి. నీళ్ళ కింద దాక్కున్న రాయి మీద చిన్న అల విరగదు, పెద్దది విరుగుతుంది. అందుకే ఐదు నిమిషాలు చూసి ఏమీ లేదనుకుంటే చాలదు, కనీసం పది నిమిషాలు దూరంగా ఆగి చూడాలి. పైగా నిలువుగా ఉన్న రాతి గోడకి కొట్టుకున్న అల వెనక్కి తిరిగి వచ్చి ఎదురొచ్చే అలతో కలుస్తుంది, అక్కడ నీళ్ళు ఏ దిక్కూ లేకుండా పైకీ కిందకీ ఎగురుతాయి. దానిలోంచి బయటికి వచ్చినప్పుడు ఎంత దూరంలో ఉన్నామో, ఇక ఎప్పుడూ అంతకంటే దగ్గరికి వెళ్ళను, అదే నా లెక్క. ఆ దూరం ఒక రోజు ముప్పై మీటర్లు ఉంటుంది, ఇంకో రోజు వంద ఉంటుంది.

ముందు రోజు రాత్రి కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సూచన చూడండి (సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని మన సముద్రం సంగతి చెప్పేది వాళ్ళే, అదో విచిత్రం). అందరూ అల ఎత్తు మాత్రమే చూస్తారు, ఒక అలకీ ఇంకో అలకీ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. మీటరు ఎత్తు, ఏడు సెకన్లు ఉంటే ఒక రకం. అదే మీటరు, పద్నాలుగు సెకన్లు ఉంటే మాత్రం గాలి లేని రోజైనా రాళ్ళ వైపు చూడకండి, ఆ అలలో నీళ్ళ బరువు చాలా ఎక్కువ.

గుంపు గురించి: ముందు ఒకరు, చివర ఒకరు, ఇద్దరూ పాత కాపులే. ముందువాడిని ఎవరూ దాటకూడదు, చివరివాడి వెనక ఎవరూ మిగలకూడదు. మీ పదహారడుగుల కయాక్ వాడిని చివర పెట్టండి, నసుగుతాడు, పెట్టండి. అరుపులు గాలికి కొట్టుకుపోతాయి కాబట్టి ప్రతి లైఫ్ జాకెట్‌కీ ఒక విజిల్ కట్టాలి, మూడు ఊదులు వినబడితే అందరూ ఉన్నచోటే ఆగి వెనక్కి చూడాలి. తెడ్డు నిటారుగా ఎత్తితే రమ్మని, తల మీద అడ్డంగా పట్టుకుంటే ఆగమని. ఎనిమిది మంది ఎక్కువ కాదు గానీ పడినవాడిని పైకెక్కించడం తెలిసినవాళ్ళు మీలో ఎంతమంది? ఇద్దరే అయితే ఆరుగురే వెళ్ళండి.

ముంతమసాలా:

గురూ ఆ ఆర్చి ఫోటో కోసం కయాక్ దేనికి, ఆటు సమయంలో నడుచుకుంటూ పోయి తీసుకోవచ్చు కదా, మా మేనత్త చీర కట్టుకుని తీయించుకుంది. జోక్ పక్కన పెడితే ఉప్పుగాలి గారు చెప్పని ఒక్క మాట, లైఫ్ జాకెట్ వేసుకున్నాక పక్కవాడి చేత భుజాల దగ్గర పట్టి పైకి లాగించుకోండి, గడ్డం దాటి వచ్చిందంటే అది మీది కాదు. అద్దెకిచ్చేవాళ్ళు తొందరపెడతారు, పెట్టనివ్వండి.

బోటు తోసినోడు:

నేను కయాక్ ఎక్కలేదు, మాది వేటకెళ్ళే ఇల్లు, ఇప్పుడు నేను ఉద్యోగం చేసుకుంటున్నాను. మా నాన్న తెప్ప తోసే ముందు ఇసుకలో గొంతుక్కూర్చుని, బీడీ కాలి వేళ్ళకి తగిలేదాకా కెరటాల వైపే చూసేవాడు. చిన్నప్పుడు బద్ధకం అనుకునేవాడిని. పెద్ద కెరటాలు వరసగా పోయి సముద్రం ఊపిరి పీల్చుకున్నట్టు ఆగినప్పుడు లేచి, ఒక్క మాట కూడా లేకుండా తోసేసేవాడు. కాబట్టి పది నిమిషాలు చూడమన్న మాట నిజం, అది ఒడ్డు మీద కూడా చెయ్యాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. రాళ్ళ చుట్టూ చేపలు తిరుగుతాయి కాబట్టి మావాళ్ళ వలలు కూడా అక్కడే ఉంటాయి. నీళ్ళ మీద థర్మాకోల్ ముక్కలో ప్లాస్టిక్ డబ్బాలో వరసగా తేలుతుంటే అది చెత్త కాదు, వల. దాని మీంచి పోతే మీ తెడ్డు చిక్కుకుంటుంది, మాకు వల చిరుగుతుంది, ఆ వల ఖరీదు మీ ఆదివారం సరదా ఖర్చు కంటే ఎక్కువ. పొద్దున్నే ఒడ్డు నుంచి వల లాగుతుంటే రెండు పక్కలా తాళ్ళు సముద్రంలోకి ఉంటాయి, వాటి మధ్యకి దూరకండి, బయట నుంచి చుట్టి వెళ్ళండి. మంగమారిపేటలో దిగినప్పుడు అక్కడున్న పెద్దాయన ఎవరినైనా ఈ పూట కెరటం ఎలా ఉందని అడగండి, మొహం చూసే సగం తెలిసిపోతుంది.

మీవాడి కాలు ఎలా ఉంది? రాళ్ళకి అంటుకునే గవ్వ పెంకులు బ్లేడు కంటే పదును, విరిగిన ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది. సబ్బుతో, మంచినీళ్ళతో బాగా కడిగి డాక్టరుకి చూపించండి, టీటీ వేయించుకున్నాడా?

ఎంవీపీ కుర్రాడు:

టీటీ అయింది అన్నా, డాక్టరు పట్టకారుతో రెండు చిన్న పెంకులు తీసి చేతిలో పెట్టారు. వల సంగతి నిజంగా తెలియదు, ఆ రోజు ఒక వరస డబ్బాల మీంచే వెళ్ళాం అనుకుంటా, క్షమించండి.

ఉప్పుగాలి గారూ, పడినవాడిని ఎక్కించడం మాలో ఒక్కడికే వచ్చు, అదీ వీడియోలో చూసి. ఇంకో ప్రశ్న, ఇటు కాకుండా తెన్నేటి పార్కు వైపో, యారాడ వైపో వెళ్తే సులువా?

ఉప్పుగాలి:

యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు ఆలోచన మానుకోండి. పోర్టు మొగ, ఫిషింగ్ హార్బరు, నేవీ అన్నీ అటే, ఓడల దారిలో కయాక్ ఎవరికీ కనబడదు, నిషేధం ఉన్న నీళ్ళలోకి తెలియక వెళ్ళామంటే ఎవరూ వినరు. తెన్నేటి పార్కు వైపు రాళ్ళు ఇంకా ఎక్కువ, గాలి తిరిగితే దిగడానికి ఇసుక తక్కువ. 2020 అక్టోబరులో వాయుగుండం టైములో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చి ఎక్కింది ఆ రాళ్ళ మీదికే, ఊరంతా వెళ్ళి చూసి వచ్చాం కదా. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరులోనే. అందుకే అక్టోబరు, నవంబరు మేం కయాక్‌లు కట్టేసి ఉంచుతాం, జూన్ నుంచి సెప్టెంబరు ఎలాగూ లేదు. డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి దాకా పొద్దుటి పూటలు మనవి.

గాలి ఈశాన్యం నుంచి ఉన్న రోజు భీమిలి వైపు, అంటే మీ మంగమారిపేట దారినే, వెళ్ళడం మంచిది, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలి తొక్కేస్తాం, వచ్చేటప్పుడు అది వీపున తోస్తుంది. వేసవి దగ్గర పడి గాలి దక్షిణానికి తిరిగాక అదే దారి తలకిందులు, వెళ్ళేటప్పుడు మహారాజులా వెళ్ళి వచ్చేటప్పుడు ఏడుస్తారు. అప్పుడు భీమిలి వైపు వెళ్ళాలనుకుంటే మంగమారిపేటలోనే దిగి పడవలు బండి మీద తెచ్చుకోండి.

ఎక్కించడం వీడియోలో రాదు. రుషికొండలో నడుము దాటిన నీళ్ళలో ఒక పూటంతా పడటమే పని పెట్టుకోండి. సిట్ ఆన్ టాప్ తిరగబడితే ముందు పక్కగా నిలబడి, చెయ్యి పడవ మీదుగా చాచి అవతలి అంచు పట్టుకుని మీ వైపు లాగితే అది తిరుగుతుంది. తర్వాత కాళ్ళు నీటి పైకి వచ్చేలా తన్నుతూ బోర్లా పొట్ట మీద పడవ మీదికి పాకాలి, అక్కడే కంగారుపడి లేచి కూర్చోబోతే మళ్ళీ బోల్తా. పొట్ట మీద ఊపిరి తీసుకుని, మెల్లగా పక్కకి దొర్లి కూర్చుని, ఆఖర్న కాళ్ళు లోపలికి. ఇంకొకరు తమ పడవని పక్కకి తెచ్చి దాని అంచు గట్టిగా పట్టుకుంటే సగం కష్టం ఉండదు. రాళ్ళ దగ్గర పడితే మాత్రం అక్కడే ఎక్కడానికి కుస్తీ పట్టొద్దు, పడినవాడు ఎప్పుడూ పడవకి సముద్రం వైపు ఉండాలి, పడవకీ రాయికీ మధ్య ఇరుక్కోకూడదు, తాడు వేసి రాళ్ళకి దూరంగా సముద్రం లోపలికి లాగాక అప్పుడు ఎక్కించుకోండి. ఫోను తేలే పౌచ్‌లో పెట్టి జాకెట్‌కే కట్టుకోండి, కోస్ట్ గార్డ్ నంబరు 1554, అది సేవ్ చేసుకోండి.

భీమిలి పిల్ల:

గుంపులో అందరికంటే వెనకబడే మనిషిని నేను, నా వైపు నుంచి ఒక మాట. ముందువాళ్ళు ఆగుతారు, నిజమే, నీళ్ళు తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు, నేను రొప్పుతూ వచ్చి చేరగానే "పదండి పదండి, అందరూ వచ్చేశారు" అని కదిలిపోతారు. అంటే మూడు సార్లు ఆగితే వాళ్ళకి మూడు విశ్రాంతులు, నాకు ఒక్కటీ లేదు. రెండో గంటలో చేతులు పడిపోయి నేను రాళ్ళ వైపు కొట్టుకుపోతే అది నా చేతకానితనం కింద లెక్క. ఇప్పుడు మా జట్టులో చివరి మనిషి మజ్జిగ తాగి సీసా మూత పెట్టాకే ఎవరైనా తెడ్డు ముంచేది. ఇంకా మంచి మార్గం నన్నే ముందు పెట్టడం, నేను ఎంత పోతే గుంపు అంత. మీ వెనకబడిన ఇద్దరినీ ఒకసారి అడిగి చూడండి, ఏం చెప్తారో.

ఎంవీపీ కుర్రాడు:

అడిగాను అక్కా. అచ్చం ఇదే చెప్పారు, కాకపోతే కొంచెం గట్టిగా. ఒకమ్మాయి అయితే ఇక రానని ముందే అనేసుకుందట.

ఈ ఆదివారం ఆర్చి లేదు, రుషికొండలో పడటం లేవడం మాత్రమే, ఆరున్నరకి. ఆ అమ్మాయే ముందు. పదహారడుగుల వాడికి చివర ఉండాలని చెప్తే అరగంట మాట్లాడలేదు, తర్వాత తాడు ఎంత పొడవుండాలి అని మెసేజ్ పెట్టాడు. ఎంత ఉండాలి?

ఉప్పుగాలి:

పది పదిహేను మీటర్లు, నీళ్ళ మీద తేలే రకం. నడుముకి ముడేసుకోవద్దని చెప్పండి, ఒక్క లాగుతో ఊడి వచ్చే బెల్టు ఉండాలి.