"నలభై ఏండ్లు, ఆపైన": ఒక సాక్ష్యవాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న:
మధ్యయుగపు ఇంగ్లండు వంశవృక్షాల గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ చిన్న మాట దగ్గర ఆగిపోయాను. నీలి డాలు మీది బంగారు పట్టె ఎవరి వంశచిహ్నమన్న విషయమై స్క్రోప్, గ్రోవ్‌నర్ కుటుంబాల మధ్య నడిచిన వ్యాజ్యంలో కవి జెఫ్రీ చాసర్ 1386 అక్టోబరు 15న వెస్ట్‌మినిస్టరులో సాక్ష్యం చెప్పాడు. లేఖకుడు ఆయన వయసును ఫ్రెంచిలో "నలభై ఏండ్లు, ఎ ప్లూ (ఆపైన)" అని, ఆయుధం పట్టి ఇరవైయేడేండ్లయిందని రాసుకున్నాడు. "ఎ ప్లూ" అన్నదానికి నేను "పైచిలుకు" అని రాశాను. అప్పుడు పుట్టుక 1345 ప్రాంతానికి వస్తుంది. పాత జీవితచరిత్రలు 1328 అంటున్నాయి, నేటి పండితులు 1340ల తొలి సంవత్సరాలు అంటున్నారు. తండ్రి పేరు కూడా ఒకచోట రిచర్డ్, మరొకచోట జాన్ అని ఉంది. తప్పు నా తెలుగులో ఉందా, లెక్కలో ఉందా?

సమాధానం:
తప్పు "పైచిలుకు"లోనే ఉందని నా అభిప్రాయం. "నూరు పైచిలుకు" అంటే నూటయిదో నూటపదో అని మనసుకు తడుతుంది గాని నూటయాభై అని తట్టదు. "సుమారు" అయితే ఇటూ అటూ కూడా జారుతుంది కనుక అది ఇంకా పనికిరాదు. సాక్షి వయసుకు ఆనాటి లేఖకులు తగిలించిన ఈ తోక కొలత కాదు, కింది హద్దు మాత్రమే. ఈ మనిషి నలభైకి తక్కువవాడు కాడని అది చెబుతుంది, ఎంత ఎక్కువో చెప్పే బాధ్యత తీసుకోదు. భూస్వామి చనిపోయినప్పుడు వారసుడి వయసును విచారించిన జ్యూరీలు కూడా "ఇరవైయొకటి, ఆపైన" అని చెప్పి ఊరుకునేవి. వారసుడికి ఆస్తి అప్పగించవచ్చునా లేదా అన్నదే అక్కడ తేలవలసిన విషయం కనుక, వాడికి ఇరవైరెండైనా ముప్ఫైయైనా వారికి ఒకటే. ఇటువంటి అంకెను తీసివేత లెక్కలో పెట్టి వంశవృక్షంలో పుట్టిన సంవత్సరంగా ఎక్కించడం వల్లనే ఒకే మనిషికి మూడు నాలుగు జన్మసంవత్సరాలు పుట్టుకొస్తాయి.

అయితే అదే వాక్యంలో ఉన్న రెండవ అంకెను చూడండి, దానికి ఈ తోక లేదు. 1386లోంచి 27 తీసేస్తే 1359 వస్తుంది. ఆ ఏడు చాసర్ ఫ్రాన్సు దండయాత్రకు వెళ్ళి, రాన్స్ నగరం దగ్గర శత్రువులకు చిక్కాడు. 1360 మార్చి 1న ఆయన విడుదల ధనంలో భాగంగా రాజు 16 పౌండ్లు ఇచ్చినట్లు పద్దు ఉంది. (మార్చి 25న సంవత్సరాన్ని మొదలుపెట్టే ఆనాటి వాడుకలో అది ఇంకా 1359 కిందికే వస్తుంది, ఈ తికమకే చాలా వంశవృక్షాలలో ఒక ఏడాది తేడాగా మిగిలిపోయింది.) గట్టి అంకె ఇలా మరొక పత్రంతో కలిసినప్పుడు, వదులు అంకెను దానికి లోబరచి చదవాలి. 1346లో పుట్టి ఉంటే పదమూడేండ్లకే కత్తి పట్టాలి, కనుక పుట్టుకను మరికొన్నేండ్లు వెనక్కి జరపడమే సబబు.

అలాగని 1328 దాకా జరపడానికి మాత్రం వీల్లేదు. ఆయన తండ్రి జాన్ చాసర్‌ను 1324లో, పన్నెండేండ్లప్పుడు, ఆస్తి కోసం పెళ్ళి చేయాలని మేనత్త ఎత్తుకుపోయింది. ఆ వ్యవహారం కోర్టుకెక్కడం వల్ల, జాన్‌కు 1328 నాటికి ఇంకా పెళ్ళి కాలేదన్న మాట కాగితం మీద నిలిచింది. కొడుకు పుట్టుకను తండ్రి పెళ్ళి తేదీ అడ్డగించడం కన్నా బలమైన సాక్ష్యం ఇటువంటి చిక్కుల్లో అరుదుగా దొరుకుతుంది.

ఇక రిచర్డ్ సంగతి. జాన్ తల్లి మేరీ, భర్త రాబర్ట్ చాసర్ పోయాక రిచర్డ్ చాసర్ అనే ద్రాక్షసారా వర్తకుడిని మారుమనువాడింది. ఇంటిపేరూ ఒకటే, వ్యాపారమూ ఒకటే కావడంతో, 1598లో లండన్ నగర వర్ణన అచ్చువేయించిన జాన్ స్టో ఈ మారుతాతను కవికి తండ్రిగా ఊహించాడు. 1381లో కవి థేమ్స్ వీధిలోని తండ్రి ఇంటిపై హక్కు వదులుకుంటూ రాసిచ్చిన పత్రంలో తనను తాను "లండన్ ద్రాక్షసారా వర్తకుడైన జాన్ చాసర్ కొడుకును" అని చెప్పుకొన్నాడు. రెండు వందల ఏండ్ల తర్వాతి ఊహ కన్నా ఆస్తి వదులుకునే పత్రంలోని సొంత మాట నమ్మదగినదని వేరే చెప్పనక్కరలేదు.

అడిగినవారి మాట:
కృతజ్ఞతలు, మాస్టారూ. "నలభై పైబడినవాడు" అంటే సరిపోతుందా? "వయసు పైబడింది" అంటే ముసలితనం స్ఫురిస్తుందని జంకుతున్నాను.

సమాధానం:
మీ జంకు న్యాయమైనదే. అంకెతో కలిసినప్పుడు ఆ ఛాయ కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. "వయసు నలభై ఏండ్లకు తక్కువ కాదు" అని రాయండి. కొంచెం కోర్టు వాసన వేస్తుంది, కానీ మూలంలో ఉన్నదీ కోర్టు వాక్యమే కదా. వంశవృక్షంలో మాత్రం "1340–1345 మధ్య" అని వేసి, తండ్రి పేరు దగ్గర జాన్ అని నిస్సంకోచంగా రాయండి.