అప్‌డేట్: ఒంగోలు స్టూడియోలో వీడియో కాపీ మధ్యలో ఆగిపోవడం, పరిష్కారం దొరికింది

మా ఒంగోలు స్టూడియో ఉబుంటు (లినక్స్) సిస్టమ్ నుంచి యూఎస్‌బీ 3 డిస్క్‌కు పెళ్లి వీడియోలు కాపీ చేస్తుంటే డిస్క్ రీసెట్ అవుతోందని, అంటే మధ్యలో తెగి మళ్లీ మొదలవుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. కేబుల్, డిస్క్ మార్చినా అదే తంతు. లోపం డిస్క్‌ను పెట్టి యూఎస్‌బీకి కలిపే బయటి కేసులోని చిప్‌ది.

యూఎస్‌బీ డిస్కులను నడిపే లినక్స్ యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ మామూలుగా ఒక్కో కమాండ్‌కు 240 సెక్టార్లకు (ఒక్కోటి 512 బైట్ల ముక్క) మించి పంపదు, అంటే 120 కేబీ. యూఎస్‌బీ 3 వేగంతో కలిస్తే మాత్రం 2048 సెక్టార్లు, అంటే 1 ఎంబీ దాకా వెళ్తుంది. కొన్ని చిప్‌లు అంత పెద్ద ముద్ద మింగలేవు. చిన్న ఫైళ్లు బాగానే వెళ్లి, పెద్ద వీడియోల దగ్గరే ఆగడానికి కారణం ఇదే.

డీమెసేజ్ (dmesg) లాగ్, అంటే సిస్టమ్ రాసుకునే సందేశాల చిట్టా చూడమని ఇక్కడ చెప్పిన నెల్లూరు అన్నకు చాలా థ్యాంక్స్. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (లినక్స్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) ఆ డిస్క్ మ్యాక్స్ సెక్టార్స్ విలువ, అంటే ఒక్కో కమాండ్‌కు పంపే గరిష్ఠ సెక్టార్ల సంఖ్య 240కి దించితే రీసెట్లు తగ్గాయి గానీ పోలేదు. 64కి, అంటే 32 కేబీకి దించాక కాపీ పూర్తిగా అయింది. వేగం తగ్గింది, ఫర్వాలేదు. ఒకరి పెళ్లి మళ్లీ తీయలేం కదా!

డిస్క్ తీసి మళ్లీ పెడితే పాత విలువే వస్తుంది. అందుకే డిస్క్ పెట్టగానే 64 దానంతటదే సెట్ అయ్యేలా యూడెవ్ రూల్ రాసి పెట్టాను.