స్త్రీల సదస్సు స్టేజీ వెనక ఫ్లెక్సీయా, నరసాపురం లేసా?

పాలకొల్లు సిస్టర్: అందరికీ వందనాలు. మా సంఘంలో ఒక్కరోజు స్త్రీల సదస్సు. షామియానా కింద 400 మంది, స్టేజీ నుంచి చివరి వరుసకి 60 అడుగులు. అంశం బైబిల్లోని సామెతలు 31:25. పెద్దలు ప్రసంగీకుల ఫొటోలతో 16×8 అడుగుల ఫ్లెక్సీ అంటున్నారు. అక్కలేమో లేసు తెర కట్టాలంటున్నారు. ఏది మేలంటారు?

ఫ్లెక్సీ డిజైనర్, భీమవరం: ఫ్లెక్సీయే కొట్టించండి. వెనక వరుసల్లో పెద్దవయసు వాళ్లుంటారు, వాళ్లకి అంశం కనబడాలి. 10 అడుగుల దూరానికి అంగుళం లెక్కన 6 అంగుళాల అక్షరం కావాలి, అదీ గుడులు, వత్తులు లెక్కలో కలపకుండా. లేసు మీద అంత అక్షరం ఎలా నిలబెడతారు? మేటర్ యూనికోడ్‌లో పంపితే మేం ప్రింటుకి వాడే ‘అను’ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు విడిపోతుంటాయి. ప్రూఫ్ తెప్పించుకుని, బైబిలు పక్కన పెట్టుకుని సరిచూడండి. వాక్యం తప్పుపడితే రోజంతా అదే కళ్లెదుట ఉంటుంది. ఫోన్‌లో ఊదాగా కనిపించే రంగు ప్రింటులో నీలానికి తిరుగుతుంది, ముందు చిన్న ముక్క కొట్టించి చూడండి.

లేసు పని, నరసాపురం: బ్రదర్, ఆ లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర మన డెల్టా ఆడవాళ్లు నేర్చుకున్నదే. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపూ వచ్చింది. ఆడవాళ్ల సదస్సులో వాళ్ల చేతిపని వెనక్కి నెట్టి, మగవాళ్ల ఫొటోల వరుస పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఫొటోలు ఊరి సెంటర్‌లో కట్టే ఫ్లెక్సీకి, వాట్సాప్ పోస్టర్‌కి చాలు.

తెల్ల గుడ్డ మీద తెల్ల లేసు కనబడదు. మెరూన్ పాప్లిన్ మీద వేయండి. ఊరికే వేలాడదీస్తే లేసు సొంత బరువుకే సాగి మధ్యలో జారుతుంది, అర అడుగుకో కుట్టు వేసి గుడ్డకి పట్టించాలి. లైటు ఎదురుగా పెడితే అల్లిక చదునైపోతుంది. రెండు పక్కల నుంచి ఏటవాలుగా వేస్తే ఒక్కో ముడి నీడతో సహా తేలుతుంది. అక్షరాలు థర్మాకోల్‌తో కోయించండి. స్ప్రే పెయింట్ మాత్రం కొట్టొద్దు, థర్మాకోల్ కరిగిపోతుంది. నీళ్ల రంగే వేయాలి.

టెంట్ హౌస్, అమలాపురం: ఇద్దరూ ఒకటి వదిలేశారండి. క్వయర్ (పాటల బృందం) నిలబడితే తెరలో కింది 6 అడుగులు మరుగు. 8 అడుగుల్లో మిగిలేది పై 2 అడుగులే. అంశం రెండు లైన్లలో అక్కడే సర్దాలి, ఫొటోలు ఎటూ తలల వెనకే పోతాయి. ఇక గాలి. 16×8 ఫ్లెక్సీ తెరచాపలా లాగుతుంది, తాడు బిగించి కడితే రింగులు చిరుగుతాయి. కొంచెం వదులుండాలి. పెడెస్టల్ ఫ్యాన్లు స్టేజీ వైపు తిప్పొద్దు, తెరా ఊగుతుంది, మైకూ గాలి లాగుతుంది. చంటిపిల్లల తల్లులకి పక్క ద్వారం దగ్గర పట్టాలు పరిచి, ఓ చిన్న స్పీకర్ బాక్సు విడిగా పెట్టండి, మధ్యలో లేచినా ప్రసంగం పోదు. పూలు కడియపులంక నుంచి తెల్లవారుజామునే తెప్పించండి. మల్లె మధ్యాహ్నానికే వాడుతుంది, బంతి నిలుస్తుంది.

ఫ్లెక్సీ డిజైనర్, భీమవరం: సరే, కింద లేసు కట్టండి. పై 2 అడుగులకి మాత్రం ఫ్లెక్సీ పట్టీయే ఉండాలి. థర్మాకోల్ అక్షరం గాలికి ఊడితే కూడిక మధ్యలో ఎవరెక్కి అతికిస్తారు?

లేసు పని, నరసాపురం: మెరుపు లేని రకం అయితే పట్టీకి సరే. ఫొటోలకి మాత్రం ఒప్పుకోను.