మోడెమ్ కలిసింది, ఐపీ వచ్చింది, పేజీ మాత్రం తెరుచుకోదు (లినక్స్, పీపీపీడీ)

ప్రశ్న
సీరియల్ మోడెమ్ కామ్1కి, అంటే /డెవ్/టీటీవైఎస్0కి తగిలించి ఉంది. వేగం 115200. డయల్ అవుతోంది, పాస్‌వర్డ్ ఒప్పుకుంటోంది, ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ కొడితే పీపీపీ0కి, అంటే మోడెమ్ లైన్‌కి, ఐపీ కూడా కనిపిస్తోంది. బ్రౌజర్‌లో మాత్రం ఒక్క పేజీ రాదు. మొదట్లో ‘అవతలి సిస్టమ్ తనను తాను నిరూపించుకోవాలి’ అనే అర్థం వచ్చే ఎర్రర్‌తో ఆగిపోయేది, నోఆథ్ (అవతలివాళ్ళని నిరూపించుకోమని అడగవద్దనే ఆప్షన్) పెట్టాక ఇక్కడిదాకా వచ్చింది. డయలప్ లైన్‌ని నడిపే ప్రోగ్రాము పీపీపీడీకి డిఫాల్ట్‌రూట్ (బయటికి పోయే ప్యాకెట్లన్నీ ఈ లైన్ మీదే పోవాలనే) ఆప్షన్ ఇచ్చాను. ఇదే మెషీన్‌లో పక్క కంప్యూటర్‌కి కలిపిన ఈథర్‌నెట్ కార్డు కూడా ఉంది.

జవాబు 1
ఆ నోఆథ్ సంగతే అసలు ఆచూకీ అండీ. ఆప్షన్స్ ఫైల్‌లో ఆథ్ అని ఎవరూ రాయకపోయినా, సిస్టమ్‌లో అప్పటికే డిఫాల్ట్ రూట్ (బయటికి పోయే ప్యాకెట్ల దారి) ఉంటే పీపీపీడీ అవతలివాళ్ళనే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఐఎస్‌పీ ఎందుకు చెబుతుంది? అంటే డయల్ చేయకముందే మీకు ఒక డిఫాల్ట్ రూట్ ఉంది. ఈథర్‌నెట్ కార్డుకి గేట్‌వే (బయటి నెట్‌కి దారి చూపే మెషీన్ చిరునామా) రాసి ఉంటారు.

లైన్ మీద ఉండగా ‘రూట్ -ఎన్’ కొట్టి 0.0.0.0తో మొదలయ్యే వరస చూడండి. చివర ఈటీహెచ్0 (ఈథర్‌నెట్ కార్డు పేరు) అని ఉంటే మీ ప్యాకెట్లన్నీ మోడెమ్‌కి కాకుండా కార్డుకి పోతున్నాయి. ఉన్న రూట్‌ని పీపీపీడీ తనంతట తాను మార్చదు. సిస్‌లాగ్‌లో (సిస్టమ్ చిట్టాలో) ‘నాట్ రీప్లేసింగ్ ఎగ్జిస్టింగ్ డిఫాల్ట్ రూట్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది.

ప్రస్తుతానికి లైన్ తెంపి, అడ్మిన్ యూజర్‌గా ‘రూట్ డెల్ డిఫాల్ట్’ కొట్టి మళ్ళీ డయల్ చేయండి. శాశ్వతంగా అయితే ఈటీహెచ్0 సెట్టింగుల్లో గేట్‌వే వరస తీసేయండి. పక్క కంప్యూటర్‌తో మాట్లాడటానికి గేట్‌వే అక్కర్లేదు. కొన్ని పీపీపీడీల్లో ఉన్న రూట్‌ని మార్చేసే రీప్లేస్‌డిఫాల్ట్‌రూట్ అనే ఆప్షన్ ఉంటుంది కానీ, అక్కర్లేని గేట్‌వేని అలాగే ఉంచి దాన్ని వాడటం నాకు నచ్చదు.

అడిగినవారు
గేట్‌వే తీసేశాను. ఇప్పుడు బయటి ఐపీ నంబరుకి పింగ్ వెళ్తోంది. పేరు ఇస్తే ‘అన్‌నోన్ హోస్ట్’ అంటోంది. యూజ్‌పీర్‌డీఎన్ఎస్ పెట్టే ఉంది.

జవాబు 2
దారి బాగుపడింది, మిగిలింది డీఎన్ఎస్ (పేర్లను ఐపీ నంబర్లుగా మార్చేది) ఒక్కటే. యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఇస్తే పీపీపీడీ ఐఎస్‌పీ దగ్గర డీఎన్ఎస్ సర్వర్ల నంబర్లు అడిగి తీసుకుని, వాటిని /ఈటీసీ/పీపీపీ/రిజాల్వ్.కాన్ఫ్‌లో రాస్తుంది. ప్రోగ్రాములు చదివేది /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్‌ని. మొదటిదాన్ని రెండోదాని మీదికి కాపీ చేసే వరసని /ఈటీసీ/పీపీపీ/ఐపీ-అప్‌లో (లైన్ కలవగానే పీపీపీడీ నడిపే స్క్రిప్ట్‌లో) పెట్టండి.

చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఐపీ-అప్‌కి పాత్ (కమాండ్లు ఎక్కడ వెతకాలో చెప్పే ఫోల్డర్ల జాబితా) ఉండదు, కాబట్టి ‘సీపీ’ అని కాకుండా ‘/బిన్/సీపీ’ అని పూర్తిగా రాయాలి. దాని ఎర్రర్లు తెర మీదికి రావు, నేరుగా /డెవ్/నల్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి, పోతాయి. అందుకని స్క్రిప్ట్ నడిచిందో లేదో కూడా తెలియదు. స్క్రిప్ట్ నడిచే అనుమతి ఇవ్వడానికి సీహెచ్‌మోడ్ 755 చేయడం మరవకండి. డయల్ చేయకముందే తెరిచి ఉన్న బ్రౌజర్ పాత డీఎన్ఎస్‌నే పట్టుకుని ఉండొచ్చు, మూసి మళ్ళీ తెరవండి.

జవాబు 3
ఇంకొక్కటి. లైన్ తెగినా పీపీపీ0 అలాగే నిలబడి కనిపిస్తుంటే ఎల్‌సీపీ-ఎకో-ఇంటర్వల్ 30 (ఎన్ని సెకన్లకోసారి అవతలివాళ్ళని ‘ఉన్నారా’ అని అడగాలి), ఎల్‌సీపీ-ఎకో-ఫెయిల్యూర్ 4 (ఎన్నిసార్లు జవాబు రాకపోతే వదిలేయాలి) పెట్టండి. దాదాపు రెండు నిమిషాలు జవాబు రాకపోతే పీపీపీడీ తానే లైన్ వదిలేస్తుంది. ఫెయిల్యూర్‌ని 1కో 2కో తగ్గించవద్దు. పెద్ద డౌన్‌లోడ్ నడుస్తుంటే ఎకో జవాబు వెనకపడి, బాగున్న లైన్ కూడా తెగుతుంది.