కోల్డ్‌రూమ్ ఫ్లోర్ సెన్సార్: మీటర్‌లో "1" వస్తోంది, స్లాబ్ పగలగొట్టాలా?

మేడ్చల్_ప్లాంట్:
మైనస్ 22లో నడిచే రూమ్. నేలలో ఇన్సులేషన్ కింద హీటర్ కేబుల్, పక్కనే కండ్యూట్‌లో 10కె టైప్ 2 ఎన్‌టీసీ సెన్సార్ (వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే రకం, 25 డిగ్రీల్లో 10 కిలో ఓంలు). సెట్‌పాయింట్ 5 డిగ్రీలు. కంట్రోలర్ ఎప్పుడు చూసినా 9 చూపిస్తోంది, హీటర్ ఆన్ కావట్లేదు. తలుపు దగ్గర నేల వేలి మందాన ఉబ్బింది. సెన్సార్ వైర్లు రెండూ విప్పి మల్టీమీటర్ 20కె (కిలో ఓం) రేంజ్ మీద పెడితే ఎడమ చివర "1" ఒక్కటే. సెన్సార్ ఓపెన్ అయినట్టేనా (లోపల తెగిపోయినట్టేనా)?

కూకట్‌పల్లి_ఫ్రిజ్:
స్లాబ్ జోలికి పోవద్దు సార్. 20కె రేంజ్ 19.99 వరకే చదువుతుంది. టైప్ 2 సెన్సార్ 10 డిగ్రీల దగ్గర 19.9కె, 5 దగ్గర 25.4, సున్నా దగ్గర 32.65. 9 అంటే దాదాపు 20.9, కాబట్టి మీకు "1" రావాల్సిందే, అంటే రేంజ్ దాటిందని అర్థం. ఓపెన్ అయ్యుంటే కంట్రోలర్‌లో 9 కనిపించదు.

హీటర్ ఎంసీబీ ఆఫ్ చేసి 200కె మీద చూడండి. ప్రోబ్ మొనలు వేళ్లతో పట్టుకోవద్దు, చెమట చేతులకు రీడింగ్ పడిపోతుంది. తర్వాత ఎరుపు, నలుపు ప్రోబులు తారుమారు చేసి మళ్లీ చదవండి. అసలు సంగతి తేలేది ఇక్కడే. ఎన్‌టీసీ ఎటు పట్టినా ఒకే విలువ ఇస్తుంది. తేడా వచ్చినా, అంకెలు నిలవకుండా పాకినా ఎక్కడో తడి ఉంది. తడిసిన జాయింట్ చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది.

మేడ్చల్_ప్లాంట్:
ఒకవైపు 20.8. తారుమారు చేస్తే 23 దాటి ఇంకా పాకుతోంది.

కూకట్‌పల్లి_ఫ్రిజ్:
అయితే ముందు జాయింట్‌ని అనుమానించండి. తలుపు బయటి జంక్షన్ బాక్స్ తెరవండి. వానాకాలపు తేమ గాలి కండ్యూట్‌లోకి దూరి, చల్లటి చోట నీరై జాయింట్‌లో చేరుతుంది. ఆ తడి కరెంటుకు సెన్సార్‌ను తప్పించుకునే పక్కదారి. సున్నా డిగ్రీల దగ్గర 32.65కె ఉన్న సెన్సార్‌కు 57కె లీకేజీ తోడైతే 20.8కె అవుతుంది. కింద మట్టి గడ్డకడుతున్నా కంట్రోలర్ 9 అనుకుని హీటర్ ఆపేస్తుంది. మీ ఉబ్బు అందుకే.

జాయింట్ కోసేసి స్లాబ్ వైపు వైర్ల మీద నేరుగా చదవండి. ఎటు పట్టినా ఒకటే అంకె నిలకడగా వస్తే సెన్సార్ బాగున్నట్టే. పచ్చబడిన రాగిని మెరిసే రాగి కనిపించేదాకా కోసి, సోల్డర్ చేసి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ వేయండి. మామూలు టేపు ఒక్క వానాకాలం కూడా ఆగదు. కండ్యూట్ నోరు కూడా మూయాలి.

జీడిమెట్ల_ప్యానెల్స్:
మెగ్గర్ (ఎక్కువ వోల్టులతో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) మాత్రం సెన్సార్ మీద పెట్టొద్దు అన్నా. 500 వోల్టులు హీటర్ కేబుల్‌కే, అదీ కంట్రోలర్ నుంచి విప్పాకే.

స్లాబ్ వైపు కూడా రీడింగ్ పాకితే సెన్సార్ కండ్యూట్‌లోంచి లాగి కొత్తది వేయండి, పగలగొట్టే పని లేదు. కొత్తదాన్ని ఎండాకాలం షెడ్డులో చూసి పాడైందనుకోవద్దు, 40 డిగ్రీల్లో అది 5.3కెనే చూపిస్తుంది. ఫ్లాస్కులో దంచిన ఐస్, అది మునిగేన్ని నీళ్లు పోసి, సెన్సార్ ముంచి, పది నిమిషాలు కలుపుతూ చదవండి. 32.65 దగ్గర రావాలి. 29.5 వస్తే అది టైప్ 3. 25 డిగ్రీల్లో రెండూ 10కెనే కాబట్టి బయట తేడా తెలియదు. కంట్రోలర్‌లో టైప్ మార్చకుండా దాన్ని వేస్తే 2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, హీటర్ మళ్లీ ఆలస్యంగా ఆన్ అవుతుంది.

ఉబ్బు త్వరగా దిగాలని సెట్‌పాయింట్ 20కి పెంచకండి. 5 మీదే ఉంచండి, మట్టిలో మంచు కరగడానికి వారాలు పడుతుంది.